ఎల్మ్ వీధి ఇంట్లో నల్ల గోలీ

డేటన్, 14 సెప్టెంబర్ 1997

ఒరేయ్ బ్రెంట్,

నిన్న ఫోన్లో నువ్వు ఆ అంకె చెప్పిన దగ్గర్నుంచి మీ పెద్దమ్మ పెట్టిన భోజనం కూడా నాకు సహించడం లేదు. తొమ్మిదిమంది! అంత పెద్ద ఇంట్లో తొమ్మిదిమంది ఏం చేస్తున్నార్రా, దాగుడుమూతలాడుకుంటున్నారా? నేను చేరిన 1965లో ఆ ఇంట్లో నలభై ఒక్కమందిమి. పొద్దున్నే తువ్వాళ్లు భుజాన వేసుకుని స్నానాల గది నుంచి మెట్ల దాకా వరసలో నిలబడేవాళ్లం.

ఫోన్లో నువ్వు 'ఊఁ', 'సర్లే' తప్ప ఇంకో మాట మాట్లాడవు. అందుకే రాస్తున్నాను. నువ్వూ కాగితం మీదే జవాబు రాయి. మన విద్యార్థి సోదర సంఘం సంగతులు ఫోన్లో మాట్లాడకూడదని మా రోజుల్లో నియమం.

లెక్క నీకు తెలిసిందే అయినా మళ్లీ చెప్తున్నాను, చెవిన వేసుకో. నవంబర్ ముప్ఫైకల్లా పదిహేనుమంది ఉండాలి. లేకపోతే సంఘం కేంద్ర కార్యాలయం మన గుర్తింపు తీసేస్తుంది, ఇల్లు యూనివర్సిటీ చేతికి పోతుంది. వాళ్లు దాన్ని పడగొట్టి కార్లు పెట్టుకునే స్థలం చేస్తారట. కార్లు! అప్పుడున్న బుద్ధిహీనులు 93లో తాగి కప్పెక్కి కిందపడ్డప్పుడు ఇల్లు రెండేళ్లు మూతపడింది. తెరిపించడానికి నేను పాత సభ్యుల్లో యాభైమంది గుమ్మాలెక్కి దిగాను. 95లో మీ బ్యాచ్‌ని కేంద్రమే నేరుగా చేర్చింది. ఆ తర్వాత రెండేళ్లు కొత్తవాళ్లను తీసుకోకూడదని యూనివర్సిటీ షరతు పెట్టింది. ఆ షరతు మొన్న ఆగస్టుతో తీరిపోయింది. ఇంటి అధ్యక్షుడివి నువ్వు, ఇంకా ఎవరికోసం చూస్తున్నావు?

ఆరుగురు కావాలి. వెతుకు, పిలువు, ఓటింగ్ పెట్టు. ఓటింగ్ మాత్రం పుస్తకంలో ఉన్నట్టే జరగాలి. తెరలు దించి, కొవ్వొత్తి వెలిగించి, గోలీల పెట్టె బల్లమీద పెట్టి. ఒప్పుకుంటే తెల్ల గోలీ, వద్దంటే నల్ల గోలీ. ఒక్క నల్లది పడినా ఆ మనిషి లోపలికి రాడు. అందరూ ఒప్పుకున్నవాడే మనవాడు.

ఇంకో మాట. మీరిప్పుడు రాత్రి భోజనం అట్టపెట్టెల్లోంచి, టీవీ ముందు కూర్చుని తింటున్నారని విన్నాను. మా రోజుల్లో కోటు లేకుండా బల్ల దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఆదివారం వంటావిడ చికెన్, నూడుల్స్, మెత్తటి బంగాళాదుంపలు పెట్టేది. తిన్నాక వరండాలో నిలబడి పాడేవాళ్లం. నీకు ఒక్క పాటైనా వచ్చా? రాదు. ఆ మాట అడిగి నా బీపీ ఎందుకు పెంచుకోవాలి!

చలి మొదలయ్యేలోపు బాయిలర్‌లో నీళ్లు మార్చు. ముప్ఫై ఏళ్లుగా బాయిలర్లు అమ్మే మనిషిని చెప్తున్నాను, విను.

మీ నాన్నని అడిగానని చెప్పు.
మీ పెదనాన్న,
లోవెల్ డ్రేయర్


ఆష్‌కోంబ్, 22 సెప్టెంబర్

పెదనాన్నకి,

నీళ్లు మార్చాను. మిగతాది మీకు నచ్చదు, కాబట్టి మొదటే రాసేస్తున్నాను. ఓటింగ్ అయింది. ఆరుగురికి ఆరుగురూ పోయారు.

ఆ ఆరుగుర్ని పట్టుకోవడానికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఇప్పటి పిల్లలకు ఈ ఇల్లంటే నవ్వులాట. 'మీరు చీకట్లో దుప్పట్లు కప్పుకుని మంత్రాలు చదువుతారట కదా?' అని అడుగుతారు. ముందు గోడ మీద సంఘం పేరు తెలిపే మూడు గ్రీకు అక్షరాల్లో మధ్యది ఊడిపోయింది, దాన్ని చూసి నవ్వుతారు. తాగుడు లేదంటే 'మరి ఎందుకు?' అంటారు. అయినా ఆరుగురు వచ్చారు. మంచివాళ్లు. ఒకడైతే మా వంటింటి నల్లా కూడా బాగుచేసి వెళ్లాడు.

ఆదివారం మధ్యాహ్నం తెరలు దించాం. నాకూ మిగతావాళ్లకూ ఇదే మొదటి ఓటింగ్, అందుకని పుస్తకం చేతిలో పట్టుకునే నడిపించాను. ఒక్కో అబ్బాయి పేరుకీ ఎల్డెన్ ప్రూట్ పెట్టె బీరువాలోంచి తెచ్చి బల్లమీద పెట్టి, 'పెట్టె సిద్ధం' అని పక్కన నిలబడ్డాడు. ఎల్డెన్ మా పెట్టె కాపరి. కెమిస్ట్రీ చదువుతాడు. రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. ఒక్కొక్కరం వెళ్లి చెయ్యి లోపల పెట్టి గోలీ వేసి వచ్చాం. పెట్టె కింది సొరుగు లాగితే తెల్లవాటి మధ్య ఒక నల్లది. రెండో అబ్బాయికీ నల్లదే. అలా ఆరుసార్లు.

నల్లా బాగుచేసినవాడికి ఆ కబురు నేనే చెప్పాను. 'నేనేం చేశాను?' అని అడిగాడు.

మీ
బ్రెంట్


డేటన్, 27 సెప్టెంబర్

బ్రెంట్,

నీ ఉత్తరం షాపులో చదివాను. ఒళ్లు మండిపోయి, పాపం ఎవరో వాటర్ హీటర్ కొనడానికి వస్తే వాళ్లమీద అరిచాను. ఆరుగురికి ఆరుగురా? మునిగిపోయే పడవలో కూర్చుని ఎక్కేవాళ్లని కాళ్లతో తన్నేవాడు ఎవడురా? ఏం పోయేకాలం వచ్చింది మీ ఇంటికి?

మా రోజుల్లోనూ నల్ల గోలీలు పడ్డాయి. ఏడాదికొకటి, రెండు. అంతే. ఆరుగురికీ పడిందంటే మీలో ఒకడికి బుర్ర పనిచెయ్యడం లేదన్నమాట. వాణ్ని పట్టుకో. అలాగని 'నువ్వేం వేశావు' అని మాత్రం ఎవర్నీ అడగకు. ఎవరేం వేశారో చచ్చేదాకా బయటపెట్టనని ప్రమాణం చేశాం, నువ్వూ చేశావు.

ఒక్కటి మాత్రం నిన్ను అడగాలి. ఆ ఇంటి అధ్యక్షుడికి ఒక్కడికే తెలిసే విషయం ఒకటుంది. దిగిపోయే అధ్యక్షుడు వచ్చేవాడి చెవిలో చెప్తాడు. కాగితం మీద పెట్టకూడదు, అందుకే ఇక్కడా రాయను. నువ్వు దాన్ని గుర్తుపెట్టుకునే లెక్కపెట్టావు కదా?

మళ్లీ పిలువు వాళ్లని. నియమం ప్రకారం ఇరవై ఒక్క రోజుల తర్వాత రెండో ఓటింగ్ పెట్టొచ్చు. బతిమాలు. అవసరమైతే కాళ్లు పట్టుకో.

లోవెల్


ఆష్‌కోంబ్, 4 అక్టోబర్

పెదనాన్నకి,

ఇంట్లో ఎవరి మొహం ఎవరూ చూడటం లేదు. ప్రతివాడూ పక్కవాణ్నే అనుమానిస్తున్నాడు. మొన్న కార్న్‌ఫ్లేక్స్ తిన్న గిన్నె కడగలేదని మొదలైన గొడవ 'నల్ల గోలీ నీదేరా' అనేదాకా వెళ్లింది. ఇద్దరు సామాను సర్దుకుని హాస్టల్‌కి వెళ్లిపోయారు. ఇప్పుడు ఏడుగురం.

మీరడిగిన విషయానికి వస్తే, అది నా చెవిలో ఎవరూ చెప్పనక్కర్లేదు. మా ఇంట్లోనే తెలుసు. 1967లో ఇదే పెట్టెలో నాన్నకి నల్ల గోలీ పడింది. అన్నయ్య ఉన్న ఇంట్లో తమ్ముడికి చోటు లేకపోయింది. ఆ మేలో నాన్న చదువు మానేశాడు, శరదృతువులో సైన్యం నుంచి కాగితం వచ్చింది, యుద్ధానికి వెళ్లాడు. ఆ గోలీ ఎవరు వేశారో కూడా నాకు తెలుసు. మీకు బాధ కలుగుతుందని పేరు రాయడం లేదు. సొరుగు లాగిన ప్రతిసారీ నాకు నాన్నే గుర్తొచ్చాడు, చాలా?

అందుకే అడుగుతున్నాను. ఒక్కడు కాదంటే చాలు అనే ఈ నియమం తీసేద్దాం. సగంకంటే ఎక్కువమంది ఒప్పుకుంటే చాలనుకుందాం. మీరు పాత సభ్యుల సంఘానికి అధ్యక్షులు, కేంద్రానికి మీరొక్క ఉత్తరం రాస్తే చాలు. లేకపోతే పద్ధతి ఉంటుంది, ఇల్లు ఉండదు.

బ్రెంట్


డేటన్, 10 అక్టోబర్

బ్రెంట్,

ఎవరు వేశారో తెలుసన్నావు. ఎప్పట్నుంచి తెలుసు? మీ నాన్నకి తెలుసా? వాడే చెప్పాడా?

నాలుగు రోజులుగా నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. తెలిసి కూడా నువ్వా ఇంట్లో చేరావు. తెలిసి కూడా రెండేళ్లు నాతో క్రిస్మస్ భోజనాలు చేశావు, నవ్వావు, నా ట్రక్కు తీసుకుని తిరిగావు. ఇప్పుడు, ఇల్లు సరిగ్గా నీ చేతిలో ఉన్న సమయానికి, ఆరుగురికీ నల్ల గోలీలు పడ్డాయి. నేనేమీ తెలివితక్కువవాణ్ని కాదు. అడుగుతున్నాను, సూటిగా చెప్పు. ఆ గోలీలు నీవేనా? మీ నాన్న పగ ఇలా తీర్చుకుంటున్నావా?

నియమం మార్చేది లేదు. ఆ ఒక్క నియమమే ఆ ఇంటిని ఇల్లు చేసింది. అది తీసేస్తే ఇక మీరు బౌలింగ్ ఆడుకునే జట్టుతో సమానం.

లోవెల్ డ్రేయర్


ఆష్‌కోంబ్, 2 నవంబర్

పెదనాన్నా,

ఇంత ఆలస్యంగా ఎందుకు రాస్తున్నానంటే, మీ ఉత్తరం చదివాక మొదట రాసిన రెండూ చించేశాను. వాటిల్లో ఉన్న మాటలు పెద్దవాళ్లకి రాసేవి కావు.

పగా? నాకు రస్ హేవర్‌క్యాంప్ మీద పగ ఉంటే మాన్స్‌ఫీల్డ్ వెళ్లి ఆయన విత్తనాల దుకాణం అద్దాలు పగలగొడతాను గానీ, నా ఇంటిని నేనెందుకు తగలబెట్టుకుంటాను? నాన్నకి నల్ల గోలీ వేసింది మీ గదిలో ఉండే రస్ అని మీరే కదా నాన్నకి చెప్పారు! 'నేను తెల్లదే వేశాను, రస్ మీద నాకు అనుమానం' అని ఆరోజే చెప్పారట. పేరు రాయకపోవడానికి కారణం ఆయన మీ స్నేహితుడని. మీమీద జాలిపడి రాయలేదు. దానికి మీరు నాకిచ్చిన బహుమతి ఇది.

మీకు తోచినట్టు అనుకోండి. నేను మాత్రం నిన్న ఓ పని చేశాను. ప్రమాణాన్ని పక్కన పెట్టాను. మొదట వచ్చిన ఆరుగురిలో ఇద్దరు వేరే చోట చేరిపోయారు. మిగిలిన నలుగుర్నీ నిజంగానే బతిమాలి, ఒప్పించాను. శనివారం పొద్దున తెరలన్నీ పైకెత్తించాను. ఏడుగురం ఒక్కొక్కరం అరచెయ్యి చాపి, అందరికీ తెల్ల గోలీ చూపించి, అందరి కళ్లముందే పెట్టెలో వేశాం. ఎల్డెన్ కూడా. ఏడు తెల్లవి, నా కళ్లతో చూశాను.

సొరుగు లాగాను. ఏడు తెల్లవి. ఒక నల్లది.

నలుగురికీ అంతే పెదనాన్నా. ఏడుగురు మనుషులు, ఎనిమిది గోలీలు. ఒకడు భయపడి బయటికి పరుగెత్తాడు. నేను పెట్టెని నేలకేసి కొట్టబోతే ఎల్డెన్ అడ్డం వచ్చి లాక్కున్నాడు. ఇక నాకేం అర్థం కావడం లేదు. మీ ఇంటికో దణ్ణం.

బ్రెంట్


డేటన్, 6 నవంబర్

బ్రెంట్,

ఎల్డెన్‌ని ఏమీ అనకు. తప్పు వాడిది కాదు.

ఎనిమిది గోలీలన్న మాట చదవగానే అర్థమైంది. నీకెవరూ చెప్పలేదు. నేను సెప్టెంబర్లో 'అధ్యక్షుడికి ఒక్కడికే తెలిసే విషయం' అని రాశాను, నువ్వేమో ఇంకేదో అనుకుని తల ఊపావు. 93లో దిగిపోయిన అధ్యక్షుడు అలాస్కాలో చేపల ఫ్యాక్టరీలో చేరాడు, వాడు ఎవరి చెవిలో చెప్తాడు? నేనే కూర్చోబెట్టి చెప్పి ఉండాల్సింది. ఇంటికి కొత్త బాయిలర్ పెట్టించడం గుర్తుంది గానీ ఇది గుర్తు లేదు. నన్ను తన్నాలి.

విను. పెట్టె బీరువాలోంచి తెచ్చేటప్పుడే పెట్టె కాపరి అందులో ఒక నల్ల గోలీ వేస్తాడు. ప్రతి మనిషికీ, ప్రతిసారీ. ఎందుకని అడగకూడదు, ఎవరికీ చెప్పకూడదు. సొరుగు లాగిన అధ్యక్షుడు ఆ నల్లదాన్ని ముందు తీసి, అరచేతిలో పెట్టుకుని ఒక్క క్షణం చూసి, పక్కన పెట్టి, అప్పుడు మిగతావి లెక్కపెట్టాలి. ఒకడికి సగం తెలుసు, ఇంకొకడికి సగం. పుస్తకంలో ఉండదు, ఎందుకంటే పెట్టెలో ముందే గోలీ వేయడం కేంద్రం నియమాలకు విరుద్ధం. పాత కాపరి ఒకడు ఆ ఊళ్లోనే ఉన్నాడు, 95లో వాడే ఎల్డెన్‌కి తన సగం అప్పజెప్పాడు. నీ సగం అలాస్కాకి పోయింది. నీ ఆరుగుర్నీ ఎవరూ కాదనలేదు బ్రెంట్. అందరూ ఒప్పుకున్నారు.

ఈ ఆచారం పెట్టింది నేనే, 1968లో, అధ్యక్షుడిగా ఉన్నప్పుడు.

ఇక్కడితో ఆపి కవరు అంటించేయొచ్చు. నిన్న అదే చేశాను. పొద్దున మళ్లీ చించాను. ఎందుకు పెట్టారని నువ్వు ఎలాగూ అడుగుతావు.

సొరుగు లాగే ప్రతి కుర్రాడూ, ఒక మనిషిని బయటికి పంపేయడానికి ఇది ఒక్కటి చాలని కళ్లారా చూడాలని పెట్టాను. అది మీ నాన్నకి పడ్డ గోలీ. వేసింది రస్ కాదు. నేను.

కారణం అడిగితే గొప్పదేమీ లేదు. మీ నాన్న ఎక్కడికెళ్లినా అందరూ వాడి చుట్టూ చేరేవారు. స్కూల్లో అంతే, చర్చిలో అంతే, మా అమ్మ దగ్గరా అంతే. ఎల్మ్ వీధి ఇంట్లో రెండేళ్లు నేను లోవెల్‌ని. వాడు తిండికని రెండుసార్లు వచ్చేసరికి 'కర్టిస్ వాళ్ల అన్నయ్య' అయిపోయాను. చెయ్యి పెట్టెలోకి వెళ్లింది, నల్లది తగిలింది, వేసేశాను. అరనిమిషం పని. ఆ సాయంత్రం వాడు నా గదికి వచ్చి నా మంచం మీద కూర్చుని ఏడ్చాడు. రస్ అయ్యుంటాడని చెప్పాను. వాడు యుద్ధానికి వెళ్తాడని నాకెలా తెలుసు? తెలిసినా వేసేవాణ్నా?

తమ్ముణ్ని పోగొట్టుకుని ఈ ఇంటిని ఉంచుకున్నాను. ఇది కూడా పోతే నేనదంతా ఎందుకు చేసినట్టు? అందుకే నిన్ను ఇంతలా సతాయించాను.

ఆ నలుగుర్నీ తీసుకో. ఇంకో నలుగుర్ని వెతుకు. ఇంకా ఇరవై నాలుగు రోజులున్నాయి.

పెదనాన్న


ఆష్‌కోంబ్, 13 నవంబర్

లోవెల్ పెదనాన్నకి,

ఎల్డెన్‌ని అడిగాను. ఏమీ అనొద్దన్నారు గానీ అన్నాను. 'ఇన్ని వారాలు ఇల్లు కూలిపోతుంటే నోరు మూసుకుని ఎలా ఉన్నావురా?' అన్నాను. వాడు 'అడగొద్దు, చెప్పొద్దు అన్నారు. అధ్యక్షుడికి తెలుస్తుందన్నారు. నువ్వు అన్నీ తెలిసే, ఏమీ తెలియనట్టు నటిస్తూ అందర్నీ పంపేస్తున్నావనుకున్నా. నీ మొహం చూడాలంటే అసహ్యం వేసింది' అన్నాడు. వాడి నోట నేను విన్న మాటల్లో ఇదే అతి పెద్దది.

నలుగురికీ వెళ్లి చెప్పాను. అందరూ మిమ్మల్ని ఒప్పుకున్నారు, మా లెక్కే తప్పు అని. ఇద్దరు వచ్చారు. ఇద్దరు నవ్వి తలుపేసుకున్నారు. నల్లా బాగుచేసినవాడు తలుపేసుకున్నవాళ్లలో ఉన్నాడు. ఏడూ రెండూ తొమ్మిది. పదిహేను కావు, కాబోవు. కేంద్రానికి ఫోన్ చేసి గడువు అడిగాను. ఒకావిడ చాలా మర్యాదగా కుదరదని చెప్పింది. డిసెంబర్ ఇరవైకి తాళాలు ఇచ్చేయాలి.

మీ రెండో సంగతి గురించి ఏం రాయాలో తెలియడం లేదు. కోపంగా ఉంది. ఇంటి గురించి కాదు. నన్ను 'పగ తీర్చుకుంటున్నావా' అని అడిగారే, అప్పుడు మీ మనసులో ఉన్నదేమిటో ఇప్పుడు తెలిసింది, అందుకు.

థాంక్స్‌గివింగ్ పండక్కి ఇంటికి, ఏక్రన్ వెళ్తున్నాను. మీ ఉత్తరం నాన్నకి ఇస్తాను.

బ్రెంట్


డేటన్, 17 నవంబర్

బ్రెంట్,

ఇవ్వకు.

ఇంటి విషయంలో నువ్వు చేయగలిగిందంతా చేశావు, ఇక ఆ ఊసెత్తను. ఇదొక్కటి విను. ముప్ఫై ఏళ్లయింది. వాడికి ఇల్లుంది, బస్సు గ్యారేజీలో ఉద్యోగం ఉంది, మీరున్నారు. ఏడాదికోసారి నాకు క్రిస్మస్ కార్డు పంపిస్తాడు, కింద పేరు మాత్రమే రాస్తాడు. ఆ పేరైనా ఉండనీ. నేనే చెప్తాను, సమయం చూసుకుని. మాటిస్తున్నాను.

బతిమాలుతున్నాను. నా జీవితంలో ఎవర్నీ ఇలా బతిమాలలేదు.

పెదనాన్న


ఏక్రన్, 30 నవంబర్

పెదనాన్నకి,

మీకు ముప్ఫై ఏళ్లు సమయం దొరకలేదు. ఇచ్చేశాను.

గురువారం పండగ భోజనాలయ్యాక మా ఇంటి గ్యారేజీలోకి తీసుకెళ్లి ఇచ్చాను. నాన్న కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. మడిచి నాకే తిరిగి ఇచ్చాడు. శుక్రవారం మాట్లాడలేదు. శనివారం మాట్లాడలేదు. అమ్మ ఏమైందని నన్ను తినేసింది. ఈ పొద్దున కాఫీ తాగుతూ ఉన్నట్టుండి అందుకున్నాడు. గుర్తున్నంతవరకు ఆయన మాటల్లోనే రాస్తాను.

'ఆ ఇల్లెవడిక్కావాలిరా? ఆ కోట్లేంటి, ఆ పాటలేంటి, నాకు నవ్వొచ్చేది. మా అన్నయ్య ఉన్నాడని వెళ్లాను. వాడితో ఉండొచ్చని వెళ్లాను. అంతే.'

ఇంకో కప్పు పోసుకున్నాడు. మళ్లీ అన్నాడు: 'నేను సైన్యం నుంచి వచ్చాక రస్ ఈ ఇంటికి రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ వాడి మొహం మీదే తలుపేశాను. రెండోసారి వాన పడుతోంది. మీ పెదనాన్నతో చెప్పు. నా దగ్గరికి తర్వాత రావచ్చు. ముందు మాన్స్‌ఫీల్డ్ వెళ్లమను.'

ఇదీ సంగతి. నాకు మీమీద కోపం తగ్గలేదు. అయినా రాయకుండా ఉండలేకపోయాను.

బ్రెంట్


డేటన్, 7 డిసెంబర్

బ్రెంట్,

వెళ్లాను.

మంచు పడుతుంటే రెండు గంటల దారి నాలుగు గంటలు పట్టింది, నాకు మంచిదే అయింది, ఏం చెప్పాలో తిప్పితిప్పి తయారుచేసుకున్నాను. దుకాణంలోకి వెళ్లేసరికి ఒక్క ముక్క గుర్తుంటే ఒట్టు. రస్ పక్షులకి వేసే గింజలు సంచుల్లో నింపుతున్నాడు. జుట్టంతా పోయింది. నన్ను చూసి 'బాయిలర్లు అమ్ముడుపోక గింజలు కొనుక్కోవడానికొచ్చావా?' అన్నాడు. వాడి పెళ్లికి వెళ్లాక ఇదే నేను వాణ్ని చూడటం.

నిలబడే చెప్పేశాను. వాడు సంచి మూతి కట్టడం ఆపలేదు. అంతా విని, 'వేసింది నువ్వేనని ఆరోజే తెలుసు' అన్నాడు. నలభైమందిలో ఎలా తెలిసిందిరా అంటే, 'ఆ రాత్రి నువ్వొక్కడివే నన్ను ఓదార్చావు, నాకేమీ కాకపోయినా. తప్పు చేసినవాడే అలా చేస్తాడు' అన్నాడు.

మరి కర్టిస్ ఇంటికి రెండుసార్లు ఎందుకెళ్లావు, నువ్వు తెల్లది వేశానని చెప్పడానికేనా అని అడిగాను. నావైపు పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు. 'ఎలా చెప్తాను? ఎవరేం వేశారో చెప్పనని ప్రమాణం చేశాం కదా. యుద్ధం నుంచి వచ్చాడన్నారు, ఎలా ఉన్నాడో చూద్దామని వెళ్లాను. తలుపు తీసినప్పుడు చూశాను కదా, బాగానే ఉన్నాడు. చాలనుకున్నాను' అన్నాడు.

ఒరేయ్, నేను ఆ ఇంటికోసం ముప్ఫై ఏళ్లు సభలు పెట్టాను, ఉపన్యాసాలిచ్చాను, సోదరులు, ప్రమాణం అని నీ ప్రాణం తీశాను. ఆ ఇంట్లో సోదరుడంటే ఎవడో నిన్న ఆ దుకాణంలో చూశాను. వాడు నాకు గింజల సంచి ఒకటి అంటగట్టాడు. నేను ఏడ్చాను. సిగ్గులేకుండా కొనేవాళ్ల ముందే ఏడ్చాను.

ఇరవైన తాళాలు ఇవ్వడానికి నేను రాను. నువ్వే ఇచ్చేయి. పడగొట్టుకోనీ.

ఆ ఇరవయ్యో తేదీ శనివారమే నేను ఏక్రన్ వస్తున్నాను. మీ నాన్నకి చెప్పు. తలుపు తీయకపోతే బయట ట్రక్కులో కూర్చుంటాను. ఎంతసేపైనా కూర్చుంటాను.

పెదనాన్న


ఆష్‌కోంబ్, 11 డిసెంబర్

పెదనాన్నకి,

మీ ఉత్తరం ఫోన్లో నాన్నకి చదివి వినిపించాను. సంఘం సంగతులు ఫోన్లో మాట్లాడకూడదని తెలుసు. ఇక సంఘమే లేదు కదా.

రస్ గారి మాటలు రెండోసారి చదవమన్నాడు. చదివాను. ఆయన నంబర్ ఉందా అని అడిగాడు. కనుక్కుంటానన్నాను. మీ సంగతేంటని అడిగితే ఒక్కసారిగా విసుక్కున్నాడు. 'ట్రక్కులో కూర్చోవడమేంటి, పక్కింటివాళ్లు పోలీసుల్ని పిలుస్తారు. లోపలికే రమ్మను. కాఫీ ఇస్తానని చెప్పు. క్షమించానని మాత్రం చెప్పకు. నేనా మాట అనలేదు, అంటానో లేదో కూడా నాకు తెలియదు. కాఫీ మాత్రం ఇస్తాను' అన్నాడు.

ఫోన్ పెట్టేశాక పది నిమిషాలకి మళ్లీ ఆయనే చేశాడు. మీరు కాఫీలో పాలు పోసుకుంటారా, లేదా అని అడిగాడు. ముప్ఫై ఏళ్లుగా తెలుసుకునే అవసరం రాలేదన్నాడు. నాకూ తెలియదు పెదనాన్నా. వెంటనే రాయండి.

బ్రెంట్